మంచం మీద ఉన్న మనిషిని తుఫానులో ఎప్పుడు కదిలించాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే కోస్తా జిల్లాల నుంచి ఈ శీర్షికకి ఒకే రకం ఉత్తరాలు వస్తుంటాయి. ఇంట్లో నడవలేని మనిషి ఉన్నారనో, వినపడని వాళ్లం ఇద్దరమే ఉంటామనో, పిల్లాడికి ఊపిరి మిషన్ పెట్టాలనో చెప్పి, తుఫాను మాట వింటేనే టెన్షన్‌గా ఉంది, ఏం చెయ్యాలో చెప్పండి అని అడుగుతారు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను. నేనూ వీల్‌చెయిర్‌లో ఉండే మనిషినే కాబట్టి కొన్ని చోట్ల గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గర పల్లె. మా ఆయన కొబ్బరి చెట్టు మీంచి పడితే వెన్నుపూస విరిగింది. నడుం కింద నుంచి స్పర్శ లేదు, యూరిన్ పైపు ఉంటుంది. మొంథా తుఫానప్పుడు ఇల్లు వదలనని పట్టుబట్టారు. చీకటి పడి గాలి పెరిగాక మా మరిది వాళ్లు దుప్పట్లో వేసి వానలోనే మోసుకెళ్లి, స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో దించారు. అక్కడ గచ్చు మీదే పడుకోబెట్టాం. ఇంటికొచ్చి చూస్తే నడుం కింద పుండు. మానడానికి చాలా కాలం పట్టింది. ఈసారి ఏమొచ్చినా వెళ్లేది లేదంటున్నారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ జిల్లా

జవాబు: అమ్మా, ఆయన వెళ్లనంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. వెళ్లినందుకే పుండు పడిందన్నది ఆయన లెక్క, అందులో నిజం ఉంది కూడా. కాబట్టి ప్రాణభయం చెప్పి బలవంతం చేసేకంటే, ఈసారి పుండు పడకుండా ఎలా తీసుకెళ్తారో ఆయనకే చూపించండి, ఎప్పుడు బయల్దేరాలో, ఎవరు మొయ్యాలో ఆయన చేతే చెప్పించండి, ఎందుకంటే ఒళ్లు ఆయనది.

ముందు సమయం సంగతి. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలు అంచెలంచెలుగా ఇస్తుంది. సుమారు 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు అసలు హెచ్చరిక, ఆ తర్వాత తీరం దాటడానికి 12 గంటల ముందు ఇంకోటి. మామూలు వాళ్లు ఊళ్లో ఆటోకి మైకు కట్టుకుని వచ్చి చెప్పేదాకా ఆగినా నడిచి వెళ్లిపోతారు. మీకు అది కుదరదు. 48 గంటల మాట వినగానే సామాన్లు సర్దేయండి, 24 గంటల హెచ్చరిక వచ్చిన రోజే పగటి వెలుగులో ఆటో దొరుకుతుండగా బయల్దేరిపోండి. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, అంటే దానికి ముందు రోజే మీకు బోలెడంత పగలు ఉంది. గాలి పెరిగి చెట్లు రోడ్డుకి అడ్డం పడ్డాక 108కి ఫోన్ చేసినా బండి రావడం వాళ్ల చేతుల్లో ఉండదు. తీరా తుఫాను పక్కకి వెళ్లిపోతే ఊరికే వెళ్లొచ్చామే అనిపిస్తుంది, అనిపించనివ్వండి, అది ఒక పూట ఆటో ఖర్చు.

ఎక్కడికి అన్నది తర్వాతి మాట. స్కూలుకే వెళ్లాలని లేదు. పిఠాపురంలోనో సామర్లకోటలోనో చుట్టాల డాబా ఇల్లు, కింది వాటాలో మంచం, లోపలే బాత్రూమ్ ఉన్నది దొరికితే అదే మేలు, ఇప్పుడే వాళ్లని అడిగి ఉంచుకోండి. అలాంటిది లేక కేంద్రానికే వెళ్లాల్సి వస్తే గాలి పరుపు మీతో వెళ్లాల్సిందే. దాని పంపు కరెంటుతో పనిచేస్తుంది, కరెంటు పోతే పరుపు దిగిపోతుంది, అందుకని మందం ఉన్న ఫోమ్ పరుపు ఒకటి కూడా తీసుకెళ్లండి. స్కూల్లో బెంచీలు నాలుగు దగ్గరకి చేర్చి కదలకుండా కట్టి దాని మీద పరుపు వేస్తే గచ్చు చలీ ఉండదు, మీకు వంగే పనీ తగ్గుతుంది. ప్రతి రెండు గంటలకీ పక్కకి తిప్పడం అక్కడ కూడా మానొద్దు, మీరు అలిసిపోయి నిద్రపోతారు కాబట్టి మరిదికో కొడుక్కో రాత్రి వంతు అప్పజెప్పండి. తడి బట్టతో అసలు ఉంచొద్దు. పిరుదులు, మడమలు, నడుం కింది ఎముక రోజుకి రెండుసార్లు టార్చి వేసి చూడండి, ఎర్రగా అయిన చోట వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోలేదంటే అదే పుండుకి మొదలు, ఇక ఆ వైపు బరువు పడనివ్వకూడదు.

మోయడం గురించి మీ మరిది వాళ్లకి ఇప్పుడే, ఎండ కాస్తున్న రోజున, ఒకసారి చేయించి చూడండి. చేతులు పట్టుకుని లాగకూడదు, భుజం పట్టు తప్పుతుంది. వీల్‌చెయిర్‌తో సహా ఎత్తేటప్పుడు ఒకరు వెనక పిడులు పట్టుకుని కాస్త వెనక్కి వంచాలి, ముందు మనిషి అసలు ఫ్రేమునే పట్టుకోవాలి. చేతులు ఆన్చే భాగం, కాళ్లు పెట్టే పలక పట్టుకుంటే అవి ఊడి వచ్చేస్తాయి, నాకు ఇలా ఎత్తిన ప్రతిసారీ ముందు ఇదే చెప్పాల్సి వస్తుంది. తువ్వాలుతో ఛాతీ దగ్గర కుర్చీకి కట్టండి. ఇంకో ముఖ్యమైన సంగతి, మోసేటప్పుడు చాలామంది యూరిన్ బ్యాగ్‌ని ఆయన పొట్ట మీద పడేస్తారు, దాంతో లోపలికి వెళ్లకూడని మూత్రం వెనక్కి వెళ్తుంది. బయల్దేరే ముందు బ్యాగ్ ఖాళీ చేసి, నడుం కంటే కిందుగా వేలాడేట్టు కట్టండి. నీళ్లలోంచి మోసుకెళ్తే కాళ్లకి గాజు పెంకు గుచ్చుకున్నా ఆయనకి తెలియదు, గట్టు ఎక్కగానే పాదాలు కడిగి వేళ్ల మధ్య కూడా చూడాలి.

సంచిలో కనీసం వారానికి సరిపడా మందులు, మార్చడానికి అదనపు పైపు, బ్యాగులు, చేతి తొడుగులు, బెడ్‌పాన్, తాగే నీళ్లు ఉంచండి. అక్కడ బాత్రూమ్ ఇబ్బంది అని నీళ్లు తాగడం తగ్గించేస్తారు, అలా చేస్తే పైపు మూసుకుపోతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇది చదివే వాళ్లలో ఛాతీ పైభాగంలోనో మెడ దగ్గరో వెన్ను దెబ్బతిన్నవాళ్లు ఉంటే ఒక మాట. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పోస్తే అది చాలాసార్లు మూత్రం పైపు మడతపడటం వల్లే, బీపీ ప్రమాదకరంగా పెరిగిపోతుంది. వెంటనే కూర్చోబెట్టి, పైపు సరిచేసి, బిగుతు బట్టలు వదులు చెయ్యాలి, తగ్గకపోతే ఆసుపత్రికే. కేంద్రంలో ఉన్న ఏఎన్ఎంకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మా అబ్బాయికి మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు బలహీనపడే జబ్బు, కరెంటు వీల్‌చెయిర్ వాడతాడు, రాత్రిళ్లు ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్ పెట్టుకుంటాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు వాణ్ణి పైవాటాకి ఎత్తుకెళ్లాం, కుర్చీ మునిగిపోయింది, కింద ఉన్న ఇన్వర్టర్ కూడా మునిగింది. మళ్లీ వస్తే పైవాటా చాలుతుందా?
– ఒక తండ్రి

జవాబు: చాలదండీ. మామూలు ఇంటికి పైవాటా సరిపోతుంది, మిషన్ మీద ఊపిరి తీసుకునే బిడ్డ ఉన్న ఇంటికి సరిపోదు. మీరే చూశారు కదా, సెప్టెంబరు 1 తెల్లారేసరికి నీళ్లు, ఆ తర్వాత చాలా వీధుల్లో రోజుల తరబడి అలాగే నిలిచి ఉండటం, కరెంటు కట్ చెయ్యడం, తిండి పడవల మీద, డ్రోన్ల మీద రావడం. పైన మీరు క్షేమంగానే ఉంటారు కానీ బ్యాటరీ అయిపోతుంది.

బ్యాటరీ లెక్క ఒకసారి వేసుకోండి. ఇళ్లల్లో ఉండే 150 ఏహెచ్, 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి, వృథా పోగా 1,200 దాకా చేతికొస్తుందనుకోండి. తేమ కోసం నీళ్లు వేడి చేసే భాగం ఆపేస్తే బైపాప్ సుమారు 50 వాట్లే తీసుకుంటుంది, అంటే పూర్తి చార్జింగ్ ఉన్న కొత్త బ్యాటరీ మీద ఒక రోజు దాకా లాగొచ్చు, ఫ్యాను, లైట్లు, టీవీ దాని మీద వెయ్యకపోతే. ఆ భాగం ఆపొచ్చో లేదో డాక్టర్ని అడిగే చెయ్యండి. పాత బ్యాటరీ అయితే ఇందులో సగం కూడా నమ్మొద్దు. కరెంటు బాగున్న ఒక ఆదివారం పగలు మెయిన్ ఆపేసి, మిషన్ ఒక్కటే పెట్టి ఎన్ని గంటలు వస్తుందో చూసి గోడ మీద రాసుకోండి. ఆ అంకె తెలిశాక ఎప్పుడు ఇల్లు వదలాలో మీకే అర్థమవుతుంది.

ఇదే ప్రశ్న ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్, వాడేవాళ్లు కూడా రాశారు. ఆ మిషన్ 300 వాట్లు దాటి తీసుకుంటుంది, అదే ఇన్వర్టర్ మీద నాలుగు గంటలు కూడా రాదు. వాళ్లకి సిలిండర్ తప్పదు. చిన్నది, బీ టైపు అంటారే, అందులో 1,500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటల పైచిలుకు వస్తుంది. పొయ్యికి, దీపానికి, అగరుబత్తికి దూరంగా పెట్టండి, కరెంటు పోగానే కొవ్వొత్తి వెలిగించే అలవాటు ఆ గదిలో పనికిరాదు.

ఇన్వర్టర్‌ని ఇప్పుడే పైకి మార్పించండి. కరెంటు వీల్‌చెయిర్ బ్యాటరీతో కలిపి ఇద్దరు మనుషులు మెట్ల మీద మోసేది కాదు, కాబట్టి మడత పెట్టే మామూలు కుర్చీ ఒకటి, పాతదైనా సరే, అదనంగా ఉంచండి. బిడ్డ ముందు, కుర్చీ తర్వాత. డాక్టర్ దగ్గర మిషన్ సెట్టింగులు, మందుల పేర్లు, వాటి మోతాదులు ఒక కాగితం మీద రాయించుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, వేరే ఊళ్లో వేరే డాక్టర్ చూసినా అర్థమవ్వాలి. మిషన్ ఆగిపోతే చేత్తో గాలి కొట్టే బ్యాగ్ మీ అబ్బాయికి అవసరమో కాదో అడగండి, అవసరమంటే వాడటం ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి. పెద్ద వానలు అని హెచ్చరిక వచ్చినప్పుడు ఎత్తు ప్రాంతంలో చుట్టాలింటికో ఆసుపత్రికో ముందే చేరిపోవాలి. ఆసుపత్రి వాళ్లతో ఆ మాట వరద లేని రోజుల్లోనే మాట్లాడి ఉంచుకోవాలి.

ప్రశ్న: నేనూ నా భార్యా ఇద్దరం పుట్టుకతో వినపడనివాళ్లం. విశాఖలో ఉంటాం, పాప చిన్నది. రాత్రిపూట హెచ్చరిక వస్తే మాకెలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు

జవాబు: ఫోన్‌లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్ యాప్ వేసుకోండి, మీ జిల్లా, భాష పెట్టుకుంటే హెచ్చరిక అక్షరాల్లో వస్తుంది. నోటిఫికేషన్లకి వైబ్రేషన్ పెట్టి ఫోన్‌ని దిండు కింద పెట్టుకోండి, చేతికి వైబ్రేట్ అయ్యే వాచీ ఉంటే ఇంకా నయం. కానీ ఒక్క ఫోన్‌నే నమ్ముకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీ ఊరినే తాకింది, కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు మనిషే దిక్కు. పక్కింటి వాళ్లకో కింద వాటా వాళ్లకో మీ ఇంటి తాళం చెవి ఒకటి ఇచ్చి ఉంచండి, తలుపు బాదితే మీకు వినపడదు, వాళ్లు లోపలికొచ్చి భుజం తట్టాలి. ఇల్లు వదలాలి, నీళ్లు వస్తున్నాయి, కరెంటు ముట్టుకోవద్దు, ఇక్కడే ఉండండి, ఈ నాలుగింటికీ సైగలు వాళ్లకి నేర్పండి.

చీకట్లో సైగలు కనపడవు, పెదాలూ కనపడవు. వినపడే వాళ్లకి ఇది తట్టదు. తలకి కట్టుకునే టార్చీలు రెండు కొనండి, చేతులు ఖాళీగా ఉండాలి కదా. వినికిడి యంత్రం వాడేవాళ్లు అదనపు బ్యాటరీలు, తడి తగలని డబ్బా పెట్టుకోవాలి. 112 యాప్ కూడా ఫోన్‌లో ఉంచుకోండి, మాట్లాడక్కర్లేకుండా బటన్‌తో సాయం అడగొచ్చు. "మాకు వినపడదు, రాసి చూపించండి" అని పెద్ద అక్షరాలతో రాసిన కార్డు ఇద్దరి జేబుల్లోనూ, పాప బట్టలకి మీ పేర్లు, చుట్టాల ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి.

ప్రశ్న: మా బాబుకి ఆటిజం, తొమ్మిదేళ్లు. మచిలీపట్నంలో ఉంటాం. జనం, చప్పుడు ఉన్నచోట ఉండలేడు, అరుస్తాడు, పరిగెత్తుతాడు. షెల్టర్‌లో మిగతావాళ్లు ఏమంటారో అని భయం.

జవాబు: తల్లీ, మిగతావాళ్లు ఏమంటారో అన్న భయంతో ఇంట్లోనే ఉండిపోయిన కుటుంబాలు నాకు తెలుసు, దయచేసి మీరు ఆ పని చెయ్యొద్దు. తుఫాను లేని రోజున బాబుని ఆ షెల్టర్‌కి తీసుకెళ్లండి, ఒకసారి కాదు, అలవాటయ్యేదాకా. ఏ మూల కూర్చుంటారో చూపించండి, ఫోటోలు తీసి ఇంట్లో చూపిస్తూ ఉండండి. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు, రోజూ కప్పుకునే దుప్పటే, రోజూ తినే బిస్కెట్లే తీసుకెళ్లండి. కొత్తది కొనొద్దు, ఆ రాత్రి వాడికి కొత్తవి ఇప్పటికే చాలా ఉంటాయి. అందరికంటే ముందు వెళ్తే గోడ వారగా, మూల చోటు దొరుకుతుంది, తలుపు దగ్గర మాత్రం వద్దు. వెళ్లగానే చుట్టుపక్కల నాలుగు కుటుంబాలకి మీరే చెప్పెయ్యండి: మా వాడు అరిస్తే కోపం వచ్చి కాదు, పట్టుకోబోకండి, పరిగెత్తితే మాత్రం నాకు కేక వెయ్యండి అని. చెబితే జనం సాయమే చేస్తారు. ఫిట్స్ మందు వాడుతుంటే ఒక్క పూట కూడా తప్పకూడదు.

ప్రశ్న: ఇవన్నీ మేమే చూసుకోవాలా, ప్రభుత్వానికి బాధ్యత లేదా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఉంది, చట్టంలోనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ఇదే చెబుతుంది. ప్రకృతి వైపరీత్యాల్లో వికలాంగులకి అందరితో సమానంగా రక్షణ ఉండాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాలు రికార్డు చేసి ఉంచాలి, ప్రమాదం వస్తుంటే వాళ్లకి తెలియజెయ్యాలి. దీని మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2019లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

నాకు మండేది ఎక్కడంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఈ జాబితా కొత్తగా తయారు చెయ్యక్కర్లేదు. సదరం సర్టిఫికెట్లలో ఎవరికి ఏ వైకల్యమో, ఎంత శాతమో ఉంది. గ్రామ, వార్డు సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని నెల మొదట్లో ఆ గుమ్మంలోకే వస్తాడు. మంచానికే పరిమితమైనవాళ్లకి 15,000 పింఛను వేరే వర్గంగా ఇస్తున్నారంటే, లేవలేని మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో ప్రభుత్వానికి ఇంటి నంబరుతో సహా తెలుసు. ఆ జాబితాని తుఫాను ముందు రోజు బండి పంపడానికి వాడమని అడగడమే మిగిలింది. వచ్చే పింఛను రోజున ఆ ఉద్యోగి చేతికే కాగితం ఇవ్వండి: ఇంట్లో ఎవరు, లేవగలరా, ఏ మిషన్ మీద ఉన్నారు, మోయడానికి ఎంతమంది కావాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. అదే కాగితం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీగా కూడా ఇచ్చి రసీదు తీసుకోండి, తెలంగాణలో అయితే ప్రజావాణిలో. ఒక్కరే వెళ్లకుండా మండలంలో పది ఇళ్లవాళ్లు కలిసి వెళ్లండి, పునరావాస కేంద్రానికి ర్యాంపు, కుర్చీ పట్టే బాత్రూమ్ ఉన్నాయా అని అక్కడే అడగండి. పట్టించుకోకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయొచ్చు. నంబర్లు మాత్రం ఇప్పుడే సేవ్ చేసుకోండి: రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077, అత్యవసరం ఏదైనా 112.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐదో అంతస్తులో ఉంటున్నాం. అమ్మ వీల్‌చెయిర్‌లో ఉంటుంది. మాకు తుఫాను భయం లేదు, మంటలంటేనే భయం. లిఫ్ట్ వాడకూడదంటారు కదా?

జవాబు: వాడకూడదు. వాచ్‌మన్‌కి, అసోసియేషన్‌కి, మీ అంతస్తులో ఉన్న కుర్రాళ్లకి అమ్మ సంగతి ముందే చెప్పి, మెట్ల మీద కుర్చీతో దించడం పైన రాసినట్టు ఒకసారి సాధన చెయ్యండి. అసోసియేషన్ డబ్బుతో మెట్లు దిగే ఎవాక్యుయేషన్ చెయిర్ ఒకటి కొనమని అడగండి, గుండెనొప్పి వచ్చినవాళ్లని దించడానికీ అదే పనికొస్తుంది. మెట్లలో పొగ ఉంటే దిగే ప్రయత్నం చెయ్యొద్దు. బాల్కనీ ఉన్న గదిలోకి వెళ్లి, తలుపు మూసి, కింది సందులో తడి బట్టలు కుక్కి, 101కి ఫోన్ చేసి అంతస్తు, ఫ్లాట్ నంబరు, నడవలేని మనిషి ఉందన్న మాట మొదటే చెప్పండి. మెట్ల మీద పెట్టిన సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు, పాత సోఫాలు ఈ ఆదివారమే తీయించండి.

ప్రశ్న: నాకు చూపు లేదు, బాపట్లలో డిగ్రీ చదువుతున్నాను. తుఫానప్పుడు సాయం చేస్తామని వచ్చి చెయ్యి పట్టి లాగేస్తారు, కర్ర కూడా లాక్కుంటారు.

జవాబు: "నన్ను పట్టుకోవద్దు, మీ మోచెయ్యి నేను పట్టుకుంటాను" అని గట్టిగా చెప్పండి, మొహమాటపడొద్దు. కర్ర చేతికి తాడుతో కట్టుకోండి, మడత కర్ర ఇంకోటి సంచిలో ఉంచండి. రెయిన్‌కోటు టోపీ చెవుల మీదికి లాక్కోవద్దు, మీకు చెవులే దారి. ఫోన్‌కి పవర్ బ్యాంకు తప్పనిసరి. అన్నిటికంటే ప్రమాదం తుఫాను వెళ్లిపోయిన మర్నాడు, ఎందుకంటే రోజూ నడిచే దారి అలాగే ఉందనుకుని బయల్దేరతారు. నీళ్లు పోవడానికి డ్రైనేజీ మూతలు తీసి ఉంటాయి, నీళ్ల కింద ఉన్న గుంత కర్రకి సరిగా అందదు, వైర్లు తెగి వేలాడుతుంటాయి. నీళ్లు తీసేసి, వైర్లు సరిచేశారని తెలిశాక, ఒకసారి ఎవరితోనైనా కలిసి కాలేజీ దాకా నడిచి చూసుకుని, ఆ తర్వాత ఒక్కరే వెళ్లండి.